నాలుగో గీత

సీతారత్నం చేతిలో కత్తెర ఆగలేదు.

"కూర్చోండి. ఇది మధ్యలో ఆపితే కణాలు పాడైపోతాయి" అంది వెనక్కి తిరగకుండానే.

డిటెక్టివ్ గురునాథం కూర్చోలేదు. బల్ల మీద గాజు పళ్లెంలో నిన్ననో మొన్ననో పుట్టిన ఎలుకపిల్లలు గులాబీ రంగులో, ఇంకా కళ్లు తెరవకుండా, ఒకదాని మీదికి ఒకటి పాకుతున్నాయి. ఆమె ఒక్కోదాన్ని రెండు వేళ్లతో ఎత్తి, మెడ దగ్గర కత్తెర పెట్టి నొక్కి, తొడ ఎముకలు ఊడదీసి ఎర్రటి ద్రావణంలో పడేస్తోంది. తలలు ఒక గిన్నెలో, మొండేలు ఇంకో గిన్నెలో. ముప్పై ఏళ్లు కూడా నిండని మనిషి. చెయ్యి కాస్తయినా వణకడం లేదు.

"వీటి ఎముకల్లోంచి ఏం తీస్తారు?"

"ఎముకని తినే కణాలు."

"తినడమంటే?"

"మన ఒంట్లో ఎముక ఒకవైపు కరుగుతూ ఇంకోవైపు కట్టుకుంటూ ఉంటుంది. కరిగించే కణాలు వేరే ఉంటాయి. అప్పుడే పుట్టినవాటిలో ఎక్కువ. అందుకే వీటిని..." గిన్నెవైపు గడ్డంతో చూపించింది. "ఎముకలు చీల్చి గోకితే కణాలు ద్రావణంలోకి దిగుతాయి. ఆ ద్రావణాన్ని ఎముక రేకుల మీద పోస్తాం. ఎముకని కాగితంలా పల్చగా కోసిన రేకులు. కాసేపటికి కణాలు వాటికి అతుక్కుంటాయి. మిగిలిన చెత్త కడిగేసి, ఒంటివేడి ఉండే ఇంక్యుబేటర్‌లో ఒక రోజు ఉంచుతాం. మర్నాడు కణాల్ని తుడిచేసి నీలం రంగు అద్దితే, అవి తిన్న చోటల్లా గుంటలు కనిపిస్తాయి. ఎన్ని గుంటలు, ఎంత వెడల్పు, అదే మా లెక్క. విదేశాల్లో కూడా ఈ పద్ధతి వచ్చి నాలుగైదేళ్లే అయింది. మన జిల్లాలో చేస్తున్నది నేనొక్కదాన్నే."

"ఆ రేకులు కోసిన ఎముక ఎవరిది?"

కత్తెర ఆగింది. వెంటనే మళ్లీ కదిలింది.

"గేదెది" అంది. "కబేళా నుంచి తెస్తారు."

మిర్చియార్డు వైపు నుంచి గాలి మళ్లినట్టుంది, ఘాటుకి ఇద్దరూ ఒకేసారి దగ్గారు. దగ్గు తెరలోనే గురునాథం ఆమె ముఖం చూశాడు. అబద్ధం చెప్పడం కొత్త. కత్తెర పట్టినంత సులువుగా రావడం లేదు.

గురునాథం పదేళ్లు పోలీసు శాఖలో ఫొటోగ్రాఫరుగా పనిచేశాడు. శవాలు, రక్తం మడుగులు, గోడల మీద వేలిముద్రలు ఫొటోలు తీసి తీసి, పై అధికారి రామచంద్రమూర్తితో పడక ఉద్యోగం వదిలేసి, గుంటూరు అరండల్‌పేటలో సొంతంగా డిటెక్టివ్ బోర్డు పెట్టుకున్నాడు. జాలి లేని మనిషి కాదు. కాకపోతే పని పూర్తయ్యాకే జాలిపడడం అలవాటు చేసుకున్నాడు.

ఈ కేసు ఆయన దగ్గరికి తెచ్చింది సుబ్బరావమ్మ. ఇప్పుడు బయట వరండా మెట్ల మీద కూర్చునుంది. పొదిలి పక్క పల్లెలో ఆమె మొగుడు యలమందయ్య మిరప వేసుకునే రైతు. ఆ ఊరి నీళ్లలో ఫ్లోరైడు. నలభై ఏళ్లు ఆ నీళ్లే తాగి వెన్ను కర్రలా బిగుసుకుపోయింది, మెడ తిరగదు. జనవరిలో ఆమె మొగుణ్ని బస్సులో గుంటూరు తెచ్చి ఎముకల డాక్టరు నరహరి నర్సింగ్‌హోమ్‌లో చేర్పించింది. పరీక్ష కోసమని తుంటి ఎముకలోంచి పెన్సిలంత ముక్క తీశారు. కట్టు విప్పేదాకా ఉండాలన్నారు. ఆమె కోతలకని ఊరెళ్లి తిరిగొచ్చేసరికి, డిశ్చార్జి చేశాం, వెళ్లిపోయాడన్నారు. మనిషి ఇల్లు చేరలేదు. ఫిబ్రవరిలో పిడుగురాళ్ల సున్నపు బట్టీలో కాలిన ఎముకలూ వాటితో పాటు యలమందయ్య వెండి మొలతాడూ దొరికాయి. పొలం వాటా కోసం అన్నతో గొడవపడ్డ తమ్ముడు బాపయ్య మీద అనుమానం పడింది. భయపడి పారిపోయిన బాపయ్య పోయిన వారమే పట్టుబడ్డాడు. పట్టుకున్నది సి.ఐ. రామచంద్రమూర్తి. అన్నని చంపానని బాపయ్య ఒప్పుకున్నాడు కూడా.

ఒప్పుకోనిది సుబ్బరావమ్మ ఒక్కతే. "మరిది నోరు చెడ్డది గానీ చెయ్యి చెడ్డది కాదయ్యా" అంది.

యలమందయ్యని ఆఖరుసారి చూసింది ఈ ఆవరణలోనే. ముందు నర్సింగ్‌హోమ్, వెనక ఈ ప్రయోగశాల. రెండూ డాక్టర్ నరహరివే. ఆయన ఊళ్లో లేడని తెలుసుకునే గురునాథం ఇవాళ వచ్చాడు.

మూల ఉన్న ఫ్రిజ్ తలుపు తీశాడు.

"అది తీయకూడదు!" సీతారత్నం కత్తెర పడేసి లేచింది.

"గేదె ఎముకేగా."

పై అరలో తడి గుడ్డలో చుట్టిన ముక్క ఉంది. విప్పి వెలుతురులో పెట్టాడు. రేకులు కోయగా మిగిలిన మొదలు. సుద్దలా తెల్లగా, ఉండాల్సినదానికన్నా బరువుగా, పైన గరుకుగా ఉంది. వేలెడంత వెడల్పు లేదు. సన్నగా వంపు తిరిగి ఉంది.

"ఎంత చిన్న గేదె!" అన్నాడు. "దూడని కూడా కోస్తున్నారా?"

ముక్క కింద గుడ్డకి కట్టిన చీటీ మీద ఒకే మాట ఉంది: పొదిలి.

"పొదిలి గేదెలకి గుంటూరులో గిరాకీ ఎక్కువనుకుంటా."

"మనిషిదే" అంది సీతారత్నం గొంతు తగ్గించి. "పెద్దాసుపత్రిలో కాళ్లు తీసేసిన రోగులవి. పారేసేవే. డాక్టరుగారు అడిగి తెప్పిస్తారు. జనం తప్పుగా అనుకుంటారని గేదెదని చెబుతాం."

"ఏ కాలికి పక్కటెముక ఉంటుంది సీతారత్నం గారూ?"

ఆమె గోడకి ఆనుకుంది. గురునాథం ముక్కని ఆమె ముఖానికి దగ్గరగా తెచ్చాడు. ఆమె తల తిప్పుకుంది. ఆయన చెయ్యి కూడా అటే తిప్పాడు.

"చూడండి. ఎలుకపిల్లల మెడలు తుంచేటప్పుడు తల తిప్పుకోలేదు మీరు. ఇది పక్కటెముక. శవాల గదిలో వందలు చూశాను. కాలు తీసేసిన మనిషిది కాదు ఇది. ఛాతీ తెరిచిన మనిషిది. ఎవరిది?"

"నాకు తెలీదు. నాకు ముక్క ఇస్తారు. రేకులు కోస్తాను. కణాలు పోస్తాను. గుంటలు లెక్కపెడతాను. అంతే."

"అడగలేదా?"

"అడిగితే పరిశోధన ఆగిపోతుంది" అంది. ఆ మాట అన్నాక తనే భయపడ్డట్టు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

గురునాథం జేబులోంచి ఖాళీ మందు అట్ట తీసి బల్ల మీద పెట్టాడు. సుబ్బరావమ్మ కొంగున కట్టి దాచినది. "దీంట్లోవి టెట్రాసైక్లిన్ గొట్టం మాత్రలు. జ్వరానికీ పుండ్లకీ ఇచ్చేవి. వెన్ను బిగుసుకుపోయినవాడికి మీ డాక్టరు ఇవెందుకిచ్చాడు?"

"ఏమో."

"ఆ మూల మైక్రోస్కోపు పక్కన నల్లటి దీపం పెట్టె ఉంది. గుంటలు లెక్కపెట్టడానికి మామూలు దీపం చాలుగా. అది దేనికి?"

"అది పాడైపోయింది. బల్బు మాడిపోయి నెలలైంది."

గురునాథం వెళ్లి ఆ పెట్టె మీద అరచెయ్యి ఆనించి చూశాడు. వెనక్కొచ్చి అదే చెయ్యి ఆమె మణికట్టు మీద పెట్టాడు.

"వెచ్చగా లేదూ?" అన్నాడు. "మాడిపోయిన బల్బు ఇంత వేడిగా ఉండదు. పొద్దున వెలిగించారు. పదేళ్లు చీకటి గదిలో ఫొటోలు కడిగినవాణ్ని, దీపాల గురించి నాకు చెప్పకండి. వెలిగించండి."

ఆమె చెయ్యి విడిపించుకుంది.

కిటికీలు మూసింది. దీపం వెలిగించింది. గాజు పలకలున్న పెట్టె తెచ్చింది. ఒక్కో పలక మీద రంగు వేయని ఎముక రేకు ఒకటి, పక్కన మైనం పెన్సిలుతో నెల పేరు. ఫిబ్రవరి పలక పెట్టి పక్కకి జరిగింది.

గురునాథం మైక్రోస్కోపు గొట్టంలో కన్ను పెట్టాడు. మసక పచ్చటి నేల మీద పసుపు దారంతో వరసలు కుట్టినట్టు రెండు గీతలు మెరుస్తున్నాయి.

"ఏమిటివి?"

"టెట్రాసైక్లిన్" అంది. ఇక దాచి లాభం లేదని తెలిసిన గొంతు. "మందు మింగిన రోజుల్లో కొత్తగా కట్టుకుంటున్న ఎముకలో అది చేరిపోతుంది. ఈ అతినీలలోహిత దీపం కింద పసుపుగా వెలుగుతుంది. ఒక విడత ఇచ్చి, కొన్నాళ్లు ఆపి, మళ్లీ ఇస్తే రెండు గీతలు పడతాయి. మధ్య దూరాన్ని బట్టి ఎముక ఎంత వేగంగా పెరుగుతోందో తెలుస్తుంది. ముక్క తీసే ముందు అందరూ చేసేదే. తప్పు కాదు."

గురునాథం తలుపు తీసి కేకేశాడు. "సుబ్బరావమ్మా! ఆ గొట్టాలు మీ ఆయనకి ఎన్నిసార్లు మింగించావు?"

"రెండుతూర్లే అయ్యా" అంది ఆమె మెట్ల మీంచి లేచి. "ఒక తూరి మూడు రోజులు. మళ్లా కొన్నాళ్లాగి ఇంకో తూరి. మెడ వంగదుగా, నా చేత్తోనే నోట్లో వేశా. ఆ తర్వాతే తుంటి కాడ ముక్క తీసింది. ఏం, ఎక్కువేశానా?"

"లేదమ్మా. సరిగ్గా వేశావు. కూర్చో."

తలుపు వేశాడు. "మార్చి" అన్నాడు.

సీతారత్నం మార్చి పలక పెట్టింది. మూడు గీతలు.

"ఏప్రిల్."

ఆమె కదల్లేదు. గురునాథమే వెతికి పెట్టుకున్నాడు. చాలాసేపు చూశాడు. ఒకటి, రెండు, మూడు, అంచుకి దగ్గరగా, అన్నిటికన్నా పదునుగా, నాలుగు.

కన్ను తీయకుండానే అడిగాడు. "చచ్చిన ఎముకలో గీత పడుతుందా?"

"పడదు" అంది సీతారత్నం.

"మూడో విడత ఎవరు మింగించారు?"

సీతారత్నం మార్చి పలక తీసి పెట్టెలో సర్దింది.

"నాలుగో విడత?"

"ఫ్లోరైడు నీళ్లు మాన్పించి మంచినీళ్లు తాగిస్తే ఎముక మళ్లీ మామూలవుతుందా అని డాక్టరుగారి ప్రశ్న" అంది గోడవైపు చూస్తూ. "ఫ్లోరైడు పట్టిన ఎముక మీద కణాలు సరిగ్గా గుంటలు తవ్వవు. మంచినీళ్లు తాగేకొద్దీ తవ్వుతాయా? అది తెలియాలంటే ఒకే మనిషి ఎముక కావాలి, నెలనెలా. రేకు రేకుకీ నేనే లెక్కపెట్టాను. ఫిబ్రవరి కన్నా మార్చిలో గుంటలు ఎక్కువ. మార్చి కన్నా ఏప్రిల్లో ఇంకా ఎక్కువ. ఇంత స్పష్టంగా ఎవరికీ..."

ఆ గొంతులో గర్వం వినపడి గురునాథం తలెత్తాడు. ఆమెకీ వినపడింది. ఆగిపోయింది.

"నెలనెలా" అన్నాడు. "బతికున్న మనిషి పక్కటెముకలు. ఒక్కోటీ."

"బయటికి నడువు!"

గుమ్మంలో సి.ఐ. రామచంద్రమూర్తి నిలబడి ఉన్నాడు. వెనక కానిస్టేబుల్ నాగూర్ వలి. సి.ఐ. తోసిన తలుపు గోడకి కొట్టుకుని అలాగే తెరిచి ఉండిపోయింది.

"ఏమయ్యా గురునాథం, ఆడమనిషి ఒంటరిగా ఉంటే వచ్చి దబాయిస్తున్నావంట? నర్సింగ్‌హోమ్ నుంచి ఫోనొచ్చింది. డాక్టరుగారు ఊళ్లో లేనప్పుడు చూసుకుని మరీ దూరావు."

"మంచి వేళకొచ్చారు. ఈ గొట్టంలో ఒకసారి కన్ను పెట్టండి."

"నీ దగ్గర పాఠాలు నేర్చుకునే ఖర్మ నాకు పట్టలేదు. కేసు అయిపోయింది. వాడు ఒప్పుకున్నాడు."

"ఎలా ఒప్పుకున్నాడు?"

సి.ఐ. నవ్వాడు. "నీకు తెలీదూ? పదేళ్లు మా వెనకే తిరిగావుగా. మొదటిరోజు తెలీదన్నాడు. రెండోరోజు తొడల మీద రోకలి దొర్లించాం. అన్నని చంపి బట్టీలో పడేశానన్నాడు. ఏ చేత్తో చంపావురా అంటే, మేం ఏ చెయ్యి అంటే ఆ చెయ్యే చూపించాడు. బుద్ధిమంతుడు."

"చంపింది ఎప్పుడన్నాడు?"

"జనవరి ఆఖర్లో. అప్పుడేగా మనిషి మాయమైంది."

"మరి జనవరి ఆఖర్లో చచ్చినవాడు మార్చిలో మందెలా మింగాడు? ఏప్రిల్లో మళ్లీ ఎలా మింగాడు?"

"ఏం మందు? ఏం వాగుతున్నావు?"

"చూడండి సి.ఐ. గారూ. చూసి తిట్టండి."

రామచంద్రమూర్తి టోపీ తీసి నాగూర్ వలి చేతిలో పెట్టి వంగాడు. గురునాథం ఒక్కో పలకా మారుస్తూ ఒక్కో గీతా ఎవరు వేశారో చెప్పాడు. మొదటి రెండూ పెళ్లాం తన చేత్తో వేసినవి. తర్వాతి రెండూ ఎవరు వేశారో ఈవిడని అడగండన్నాడు. పొదిలి అని రాసిన చీటీ చూపించాడు. సుద్దలాంటి పక్కటెముక మొదలు ఆయన అరచేతిలో పెట్టాడు.

సి.ఐ. దాన్ని బల్ల మీద వదిలేసి చెయ్యి చొక్కాకి తుడుచుకున్నాడు. "పొదిలి వైపు ఫ్లోరైడు రోగులు వెయ్యిమంది ఉంటారు. ఎవడిదో ఇది. బట్టీలో ఎముకలు దొరికాయి. మొలతాడు దొరికింది."

"సున్నంలో ఉడికిన ఎముక మనిషిదో గొడ్డుదో పరీక్ష చేయించారా?"

"మొలతాడు ఉండగా..."

"మొలతాడు విప్పడానికి మనిషిని చంపక్కర్లేదు. మంచం మీద కట్టేస్తే చాలు." గురునాథం ఆయనకి దగ్గరగా వచ్చాడు. "మీకు మొలతాడు దొరికింది. కొట్టడానికి తమ్ముడు దొరికాడు. ఇంకేమీ అక్కర్లేకపోయింది. మీరు రోకలి దొర్లిస్తున్నంతసేపూ ఆ అన్న బతికే ఉన్నాడు. వాణ్ని ఎవరో రేకులు కోసుకుంటున్నారు."

"నోరు అదుపులో పెట్టుకో!" సి.ఐ. గురునాథం చొక్కా పట్టుకున్నాడు. "నిన్ను శాఖలోంచి పంపించినవాణ్ని ఈ ఊళ్లోంచి పంపించలేననుకుంటున్నావా?"

"పంపించండి. ముందు ఆ పెట్టెలో ఏముందో చూసి పంపించండి."

గురునాథం చూపు ఇంక్యుబేటర్ మీద ఉంది. ఇందాకటి నుంచీ సీతారత్నం దాని ముందు నుంచి పక్కకి జరగడం లేదు. అది ఆయన ఎప్పుడో గమనించాడు. సి.ఐ. చేతుల్లోంచి చొక్కా విడిపించుకుని వెళ్లి ఆమెని పక్కకి లాగి తలుపు తీశాడు. ఎర్రటి ద్రావణంలో మునిగి కొత్త రేకులు. గాజు మూత మీద పొదిలి అని లేదు. కంట్రోల్ అని ఉంది.

"కంట్రోల్ అంటే?"

"పోల్చి చూడడానికి" అంది సీతారత్నం. "ఫ్లోరైడు పట్టని ఎముక ఉండాలి. అది లేకపోతే పొదిలి లెక్కకి విలువ లేదు. వయసు దగ్గరగా ఉండాలి. అలవాట్లు ఒకటే అయితే మంచిది. డాక్టరుగారు మొదటినుంచీ అనేవారు, ఒకే రక్తం, వేరే నీళ్లు, అలాంటివాడు దొరికితే ఎవరూ వేలెత్తి చూపలేరని."

"ఎప్పుడొచ్చింది ఇది?"

"నిన్న పొద్దున. ఆయనే స్వయంగా తెచ్చి ఇచ్చి వెళ్లారు. ఇంకా తడిగా ఉంది. రెండు రేకుల మీద కణాలు తుడిచి ఇందాకే చూశాను."

గురునాథం గదిలో ఎవరివైపూ చూడకుండా అడిగాడు. "సి.ఐ. గారూ. బాపయ్య ఎక్కడున్నాడు?"

రామచంద్రమూర్తి నాగూర్ వలి చేతిలోంచి టోపీ తీసుకున్నాడు.

"ఊరు పొదిలి పక్కనే. కానీ చిన్నప్పుడే మేనమామ తీసుకెళ్లి చీరాలలో పెంచాడని సుబ్బరావమ్మ చెప్పింది. చీరాల నీళ్లు తాగాడు. ఒకే రక్తం. మీ లాకప్‌లో ఉన్నాడా లేడా?"

"కాలు విరిగింది" అన్నాడు సి.ఐ. పోలీసు గొంతు కాదు అది. "మొన్న. రోకలి మీద ఇద్దరు నిలబడ్డారు. పెద్దాసుపత్రికి పంపితే కాగితాలు, మేజిస్ట్రేటు, నా మెడకి చుట్టుకుంటుంది. నరహరిగారు ఎముకల డాక్టరు, పెద్దమనిషి. ఫోన్ చేసి సాయం అడిగాను. వ్యాను పంపించారు."

"ఏమైనా అడిగాడా?"

"ఒక్కటే అడిగారు." సి.ఐ. కుర్చీ వెతుక్కుని కూర్చున్నాడు. "చిన్నప్పటి నుంచి వాడు ఏ ఊరి నీళ్లు తాగాడు అని. చీరాల అని చెప్పాను. చాలా సంతోషమన్నారు."

బల్ల మీద ఫోను మోగింది. గంట ఆగకుండా పొడుగ్గా మోగుతోంది. పై ఊరి నుంచి ట్రంక్ కాల్.

"ఆయనే" అంది సీతారత్నం. "గుంటల లెక్క అడగడానికి."

గురునాథం ఆమె మోచెయ్యి పట్టుకుని ఫోను దగ్గరికి తెచ్చాడు. రిసీవర్ ఎత్తి ఇద్దరి చెవులకీ మధ్య పెట్టాడు. అవతల ఏవో యంత్రాలు కీచుమని అరుస్తున్నాయి. వాటిమీదుగా ప్రశాంతంగా, కాస్త ముద్దుగా ఒక గొంతు.

"ఏమ్మా సీతారత్నం, కంట్రోల్ ఎలా వచ్చింది?"

"బాగా వచ్చింది సార్. పొదిలి దానికి మూడింతలు."

"నేను చెప్పలా! వీడు బంగారం. మనిషి గట్టివాడు. ఇంక పొదిలి కేసుతో మనకి పని లేదు. పస అయిపోయింది, జ్వరం కూడా దిగడం లేదు. ఇవాళ మధ్యాహ్నం క్లోజ్ చేసేస్తున్నాను."

గురునాథం అరచేత్తో రిసీవర్ మూశాడు. ఆయన బుర్ర ఎప్పుడూ ఇంత వేగంగా పనిచేయలేదు, ఇంత చల్లగా కూడా.

"ఏప్రిల్ రేకులన్నీ పాడైపోయాయని చెప్పండి. పొదిలి నుంచి ఇంకో ముక్క లేకపోతే అంతా వృథా అని చెప్పండి. ముక్క తేవడానికి మనిషిని ఎక్కడికి పంపాలో అడగండి."

ఆమె కళ్లు పెద్దవి చేసి చూసింది. "చెబితే ఇంకోటి తీస్తారు."

"తెలుసు."

"బతికుండగానే తీస్తారు!"

"చెప్పకపోతే మధ్యాహ్నానికి బతికుండడు. ఎక్కడున్నాడో మనకి తెలీదు. చెప్పండి."

చెయ్యి తీశాడు.

"సార్" అంది సీతారత్నం. "ఒక్క మాట సార్. ఏప్రిల్ పొదిలి రేకులకి బూజు పట్టేసింది. ఇప్పుడే చూశాను. కంట్రోల్‌తో పోల్చడానికి ఒక్కటి కూడా పనికిరాదు."

అవతల యంత్రాల రొద. దాని మీదుగా ఒక నిట్టూర్పు.

"ఏం పని చేస్తున్నావమ్మాయ్! నాలుగు నెలల కష్టం. వాడిలో ఇంకేం మిగిలిందని?"

"ఒక్క చిన్న ముక్క చాలు సార్. అప్పుడే క్లోజ్ చేయకండి. ఇది కూడా సరిపోకపోతే మళ్లీ అవసరం పడుతుందేమో. నేను మనిషిని పంపిస్తాను. ఎక్కడికి రమ్మంటారు?"

"మార్టూరు. మెయిన్‌రోడ్డు మీద గ్రానైటు పాలిషింగ్ షెడ్లున్నాయి చూడు, ఆఖరి దాని వెనక రేకుల గది. సాయంత్రంలోగా రమ్మను. ఇప్పుడే తీసి ఐసులో పెడతాను." డాక్టరు ఆగి, ఏదో గుర్తొచ్చినట్టు అన్నాడు. "మత్తుమందు అయిపోయింది. ఫర్వాలేదులే. పక్కన రాయి కోసే రంపాలు నడుస్తున్నాయి."

లైను తెగింది.

సీతారత్నం ఎలుకపిల్లల తలలున్న గిన్నె మీద గుడ్డ కప్పింది. గురునాథం ఆమెవైపు చూడలేదు. "మార్టూరు" అన్నాడు సి.ఐ.తో. "ఆఖరి గ్రానైటు షెడ్డు వెనక. ఇద్దరూ అక్కడే."

రామచంద్రమూర్తి ఫోను లాక్కుని ట్రంక్ ఎక్స్‌ఛేంజిని పట్టుకుని మార్టూరు స్టేషన్‌కి అర్జెంటుగా కలపమని అరిచాడు. లైను బిజీ, ఆగమన్నారు. తాను సి.ఐ.నని చెప్పాడు. ఆగమన్నారు. రిసీవర్ నాగూర్ వలి చేతిలో పెట్టి, దొరికేదాకా వదలొద్దు, ఈ అమ్మాయిని గది దాటనివ్వొద్దు అని చెప్పి బయటికి పరుగెత్తాడు.

తెరిచిన తలుపులోంచి సుబ్బరావమ్మకి ఏం వినపడిందో, ఎంత వినపడిందో. మెట్ల మీద నిలబడి ఉంది. గురునాథం దిగుతుంటే దారికి అడ్డొచ్చి రెండు చేతులూ పట్టుకుంది.

"బతికే ఉన్నాడా అయ్యా?"

"ఉన్నాడమ్మా."

"నేను చెప్పలా! నేను చెప్పలా!" అని ఆయన చేతులు కళ్లకి అద్దుకుంది. ఇందాక రిసీవర్‌ని మూసిన చెయ్యి కూడా ఆమె కళ్ల మీదే ఉంది. గురునాథం దాన్ని లాక్కోలేకపోయాడు.

వద్దన్నా వినకుండా ఆమె జీపు వెనక ఎక్కింది. సి.ఐ. స్వయంగా స్టీరింగ్ పట్టుకున్నాడు. గురునాథం పక్క సీట్లో కూర్చున్నాడు. ఊరు దాటి చిలకలూరిపేట రోడ్డెక్కారు. కల్లాల్లో ఎండబోసిన మిరపకాయల ఘాటు మీదికి కొడుతోంది. సుబ్బరావమ్మ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని ముందుకి వంగింది.

"మందులేవన్నా ఇస్తన్నారా అయ్యా ఆయనకి? నొప్పికి తట్టుకోలేడు. ముల్లు గుచ్చుకున్నా ఊరంతా లేపుతాడు."

సి.ఐ. పక్కకి తిరిగి గురునాథం వైపు చూశాడు.

మార్టూరుకి ఇంకా గంటకి పైనే ఉంది. గురునాథం వెనక్కి తిరిగి, "ఇస్తున్నారమ్మా" అన్నాడు.